కంప్యూటర్ బాగు చేసినందుకు ఎంత తీసుకోవాలి?

ఇంట్లో వాడుకునే కంప్యూటర్ చెడిపోతే బాగు చేసినవాడు ఎంత తీసుకోవాలి? వినడానికి ఇది చిల్లర ప్రశ్న. కానీ ఈ పని మీద బతికేవాడిగా చెబుతున్నాను, ఇందులో న్యాయాన్యాయాల సంగతి చాలా ఉంది. బియ్యం కొనేవాడికి కిలో ఎంతో తెలుసు. బియ్యం బాగోలేకపోతే కంటికి కనిపిస్తుంది. కంప్యూటర్ తెచ్చి ఇచ్చినవాడికి అందులో ఏం చెడిపోయిందో తెలియదు, నేను ఏం చేశానో తెలియదు, నిజంగా చేశానో చేశానని చెప్పానో కూడా తెలియదు. ఒకడికి అంతా తెలిసి రెండోవాడికి ఏమీ తెలియని చోట ధర ఎలా నిర్ణయించాలి? నా అభిప్రాయం ఇది. ధర పనికి కట్టాలి, మనిషికి కట్టకూడదు. పని మొదలుపెట్టక ముందే చెప్పాలి. అందరికీ ఒకటే చెప్పాలి.

నేను ఉండేది ఛత్తీస్‌గఢ్‌లో, బస్తర్ జిల్లా జగదల్‌పూర్‌లో. ఇక్కడ తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. బైలదిల్లా ఇనుప గనుల్లో ఉద్యోగాలకి వచ్చినవాళ్ళు, కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం వెంట వ్యాపారానికి వచ్చినవాళ్ళు, కోంటా వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. నా దగ్గరికి తెలుగువాళ్ళతో పాటు ఒడియావాళ్ళు, మార్వాడీ దుకాణదారులు, హల్బీ, గోండీ మాట్లాడే కాలేజీ విద్యార్థులు కూడా వస్తారు. రాయపూర్ వెళ్ళాలన్నా, విశాఖపట్నం వెళ్ళాలన్నా ఇక్కడి నుంచి దాదాపు 300 కిలోమీటర్లు. కంప్యూటర్ పట్టుకుని అంత దూరం ఎవరూ వెళ్ళరు. ఊళ్ళో రిపేరువాడు చెప్పిందే వేదం. అందుకే రిపేరువాడు చెప్పే అంకె మీద ఇంత ఆలోచించాల్సి వస్తోంది.

మా వృత్తిలో సాధారణంగా ధర మూడు రకాలుగా పుడుతుంది. మొదటిది ముఖం చూసి చెప్పే ధర. వచ్చినవాడి చెప్పులు, బండి, మాట చూసి అంకె చెబుతారు. ఉద్యోగస్తుడైతే ఒక రేటు, పల్లె నుంచి వచ్చినవాడైతే ఇంకో రేటు. పల్లె నుంచి వచ్చినవాడికి తక్కువ చెబుతారని మీరు అనుకుంటే పొరపాటు. వాడు బేరం ఆడలేడు కాబట్టి చాలాసార్లు వాడికే ఎక్కువ చెబుతారు.

రెండోది భయం చూసి చెప్పే ధర. "అందులో మీ పాప పెళ్ళి ఫోటోలు ఉన్నాయా? అయ్యో, హార్డ్ డిస్క్ చివరి దశలో ఉందండీ" అంటే చాలు, మనిషి ఎంతైనా ఇస్తాడు. ఇలాంటివి నేను కళ్ళారా చూశాను. ఒక విద్యార్థి కంప్యూటర్ ఆన్ అవుతోంది కానీ తెర మీద ఏమీ రావడం లేదు. వేరే చోట చూపిస్తే మదర్‌బోర్డు పోయిందని, 4500 అవుతుందని చెప్పారట. నేను ర్యామ్ బయటికి తీసి, దాని కాళ్ళని పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టాను. కంప్యూటర్ పని చేసింది. ఈ పని తెలిసినవాళ్ళకి ఇందులో వింత ఏమీ లేదు. వర్షాకాలంలో బస్తర్‌లో గాలి తేమకి ఇది మామూలే. కానీ ఆ కుర్రవాడికి అది తెలియదు కాబట్టే 4500 అన్న మాట నోట్లోంచి వచ్చింది.

మంత్రగాడి వ్యాపారం కూడా ఇలాగే నడుస్తుంది. రోగం తగ్గితే అతని మహిమ, తగ్గకపోతే మీ కర్మ. రిపేరువాడు కూడా బాగైతే నా తెలివి అని, బాగుకాకపోతే మీ బోర్డు పాతదని అంటే తేడా ఏముంది? పని ఏమిటో చెప్పకుండా ధర మాత్రమే చెప్పేవాడు ఎవరైనా మంత్రగాడే, చేతిలో వేపమండ ఉన్నా స్క్రూడ్రైవర్ ఉన్నా.

మూడోది మొహమాటం ధర. దీని గురించి తర్వాత చెబుతాను, ఎందుకంటే అందరూ దాన్ని మంచితనం అనుకుంటారు.

ఇదంతా నా ఊహ అనుకునేవాళ్ళ కోసం ఒక పరిశోధన సంగతి చెబుతాను. ఆస్ట్రియాలో కెర్ష్‌బామర్, న్యూరూరర్, సట్టర్ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు సరిగ్గా కంప్యూటర్ రిపేరు దుకాణాల మీదే ఒక ప్రయోగం చేసి 2016లో ప్రచురించారు. ఒకే రకం కంప్యూటర్లలో ఒకే రకం లోపం కావాలని పెట్టారు. ర్యామ్ పాడు చేశారు. వాటిని వేర్వేరు దుకాణాల్లో ఇచ్చారు. కొన్ని చోట్ల రిపేరు ఖర్చు ఇన్సూరెన్స్ వాళ్ళు ఇస్తారని ఒక మాట అన్నారు, మిగతా చోట్ల ఆ మాట అనలేదు. ఆ ఒక్క మాటకి సగటు బిల్లు 80 శాతానికి పైగా పెరిగింది. లోపం అదే, పని అదే. మారింది కస్టమర్ నోటి మాట మాత్రమే. చదువు, చట్టం, నాగరికత అన్నీ ఉన్నాయనుకునే దేశంలోనే ఇలా జరిగితే మన దగ్గర ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఆర్థిక శాస్త్రంలో ఇది కొత్త విషయం కాదు. అమెరికాలో జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల సంత గురించి ఒక వ్యాసం రాశాడు. కొనేవాడికి మంచి కారు, చెడ్డ కారు తేడా తెలియకపోతే అన్నిటికీ సగటు ధరే ఇస్తాడు. ఆ ధరకి మంచి కారు ఉన్నవాడు అమ్మడు, సంత నుంచి తప్పుకుంటాడు. చివరికి చెడ్డ కార్లే మిగులుతాయి. ఇందుకు అతనికి 2001లో నోబెల్ బహుమతి పంచి ఇచ్చారు. మా వృత్తికీ ఇది వర్తిస్తుంది. రిపేరువాళ్ళందరూ దొంగలేనని జనం అనుకుంటే, నిజాయితీగా పని చేసేవాడికి కూడా దొంగకి ఇచ్చే ధరే ఇస్తారు, దొంగని చూసినట్టే చూస్తారు. అప్పుడు వాడు షాపు మూసేసి వేరే పని చూసుకుంటాడు. కాబట్టి ధర విప్పి చెప్పడం ధర్మం కోసం మాత్రమే కాదు, మా బతుకు కోసం కూడా.

అయినా ఈ పాఠం కోసం అమెరికా దాకా వెళ్ళాల్సిన పని లేదు. బస్తర్ సంతల చరిత్ర చాలు. ఆదివాసులు అడవిలో ఏరి తెచ్చిన సారపప్పుకి బయటి నుంచి వచ్చిన వ్యాపారులు సమాన బరువు ఉప్పు తూచి ఇచ్చేవారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలా ఏళ్ళు ఇది సాగింది. ఆ వ్యాపారి తుపాకీ చూపించలేదు, దొంగతనం చేయలేదు. సారపప్పు పట్నంలో ఎంతకి అమ్ముడుపోతుందో అతనికి తెలుసు, ఆదివాసికి తెలియదు. అంతే. పైగా ఉప్పు లేకుండా ఆదివాసికి గడవదు. ఇలాంటి దోపిడీని ఆపడానికే ఆంధ్ర వైపు 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థని పెట్టారు.

ఇప్పుడు తునికాకు చూడండి. దానికి సంచి లెక్క ఉంది. సంచి అంటే 1000 కట్టలు, కట్టకి 50 ఆకులు. 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సంచి ధరని 4000 నుంచి 5500 రూపాయలకి పెంచింది. అంటే కట్టకి ఐదున్నర రూపాయలు. ఆ ధర చాలదని ఎవరైనా వాదించవచ్చు. కానీ ఆకు కోసేవాడికి ధర ముందే తెలుసు, లెక్క తెలుసు, పక్క ఊరివాడికీ అదే ధర అని తెలుసు. తునికాకుకి సాధ్యమైనది కంప్యూటర్ రిపేరుకి ఎందుకు సాధ్యం కాదు?

ఇక నా లెక్క చెబుతాను. నా ఇంటి ఖర్చుకి నెలకి 22 వేలు కావాలి. షాపు అద్దె, కరెంటు, ఇంటర్నెట్, పనిముట్లు కలిపి 8 వేలు. మొత్తం 30 వేలు. నెలకి 25 రోజులు పని చేస్తాను. రోజంతా షాపులో కూర్చున్నా నిజంగా చేతితో చేసే పని సగటున నాలుగు గంటలే. మిగతా సమయం ఫోన్లు, ఎదురుచూపులు, విడిభాగాల కోసం తిరగడం. అంటే నెలకి 100 గంటలు. గంటకి 300 రూపాయలు. ఇదే నా ధర. ఇది ఆకాశం నుంచి ఊడిపడలేదు, అడిగినవాళ్ళకి ఈ లెక్కే చూపిస్తాను.

పనుల ధరలు ఇందులోంచే వస్తాయి. చెడిపోయింది ఏమిటో చూసి చెప్పడానికి 100. ర్యామ్ తుడవడం లాంటి పావుగంట పని ఆ 100లోనే అయిపోతుంది. ఫైళ్ళు భద్రం చేసి విండోస్ మళ్ళీ ఎక్కించడానికి 450. కంప్యూటర్ తనంతట తాను రెండు గంటలు నడుస్తుంది కానీ నా చేయి పడేది గంటన్నరే. తెర మీద గీత కదలడాన్ని చూస్తూ కూర్చున్నందుకు డబ్బు అడగను. ఊళ్ళో ఇంటికి వచ్చి చూడాలంటే రాకపోకలకి 150 అదనం. కిరండూల్ రమ్మంటే ఒక రోజు పోతుంది, ఆ రోజు ధర ముందే చెబుతాను. విడిభాగం వేస్తే కొన్న బిల్లు చూపిస్తాను, తీసిన పాత భాగం వాళ్ళకే ఇచ్చేస్తాను. బాగుకాకపోతే 100 తప్ప ఏమీ తీసుకోను. ఇదంతా గోడ మీద హిందీలో, తెలుగులో రాసి ఉంది.

గంటకి 300 అంటే దాదాపు 55 తునికాకు కట్టలు, అంటే 2700 పైచిలుకు ఆకులు. ఎండలో ఒక్కొక్కటీ కోసి, లెక్కపెట్టి, కట్ట కట్టిన ఆకులు. అందుకని నా ధర తగ్గించుకోవాలని నేను అనను, నాకూ అద్దె ఉంది. కానీ ఇవతల కూర్చుని అంకె చెప్పేటప్పుడు ఈ పోలిక గుర్తుంటే ఊరికే ఒక సున్నా ఎక్కువ చెప్పడానికి నోరు రాదు.

కొందరు మిత్రులు దీనికి ఒప్పుకోరు. "నువ్వు అమ్మేది గంట కాదు, నైపుణ్యం. ఐదు నిమిషాల పనికైనా వెయ్యి తీసుకోవచ్చు" అంటారు. ఈ వాదన పాతదే. చిత్రకారుడు విస్లర్, విమర్శకుడు రస్కిన్ మీద వేసిన పరువునష్టం దావా 1878లో లండన్‌లో విచారణకి వచ్చింది. రెండు రోజుల్లో వేసిన బొమ్మకి 200 గినీలు అడుగుతావా అని కోర్టులో అడిగితే, అది జీవితమంతా సంపాదించిన జ్ఞానానికి ధర అన్నాడు. మంచి జవాబే. కానీ విస్లర్ బొమ్మ కొనేవాడు బొమ్మని చూసి కొంటాడు, నచ్చకపోతే మానేస్తాడు. నా కస్టమర్‌కి నా పని కనిపించదు. అతనికి వేరే దారి కూడా లేదు. పైగా నా నైపుణ్యం ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరెవరో ఇంటర్నెట్‌లో ఉచితంగా రాసి పెట్టినవి చదివి నేర్చుకున్నదే ఎక్కువ. ఉచితంగా దొరికిన జ్ఞానాన్ని దాచిపెట్టి, దాని చీకటికి ధర కట్టడం నాకు న్యాయం అనిపించదు. నా సమయానికి ధర కడతాను, ఎందుకంటే అది నిజంగా నాది.

ఇప్పుడు మొహమాటం సంగతి. "నువ్వు మన తెలుగోడివే కదా బాబూ, నా దగ్గర కూడా డబ్బులేంటి?" అంటారు. "మన శ్రీకాకుళం వాళ్ళమే కదా" అంటారు. ఇంకా ముందుకెళ్ళి కులం ఆరా తీసేవాళ్ళు కూడా ఉన్నారు. పరాయి రాష్ట్రంలో మనవాళ్ళు అనుకోవడంలో ఆప్యాయత ఉంది, కాదనను. కానీ లెక్క వేసి చూడండి. నాకు నెలకి 30 వేలు కావాలి. 100 గంటల్లో 30 గంటలు మనవాళ్ళకి ఉచితంగా చేస్తే ఆ 30 వేలు మిగతా 70 గంటల్లోంచి రావాలి. గంట ధర 300 నుంచి దాదాపు 430 అవుతుంది. ఆ పెరిగిన 130 ఎవరు కడతారు? తెలుగు రానివాడు, చుట్టరికం లేనివాడు, సుక్మా నుంచో నారాయణపూర్ నుంచో వచ్చి గది అద్దెకి తీసుకుని చదువుకునే గోండు కుర్రవాడు. మా బాబాయికి చేసిన ఉచిత సేవ ఖర్చు వాడి జేబులోంచి వస్తుంది. దీన్ని మంచితనం అనడానికి నాకు మనసు ఒప్పదు. ఉప్పు వ్యాపారి కూడా తన వాళ్ళకి ధర తగ్గించే ఉంటాడు.

అందుకే తెలుగువాళ్ళకీ అదే ధర. మా బంధువులకీ అదే ధర. కొందరికి కోపం వచ్చింది, ఇద్దరు ముగ్గురు మాట్లాడడం మానేశారు. మిగతావాళ్ళు మాత్రం ఇప్పుడు మొహమాటం లేకుండా వస్తున్నారు. ఉచితంగా చేయించుకునేవాడికి పని సరిగా కాకపోయినా అడిగే హక్కు ఉండదు. డబ్బు ఇచ్చినవాడికి ఉంటుంది.

మరి నిజంగా ఇవ్వలేనివాళ్ళ సంగతి ఏమిటి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఏమిటంటే, తగ్గింపు కూడా గోడ మీదే ఉండాలి. కాలేజీ కార్డు చూపించినవాడికి పని ధర సగం. ఏ కులం, ఏ భాష అని అడగను, ఎంత దీనంగా అడిగాడని చూడను. దీని వల్ల కూడా నా గంట ధర కొంత పెరుగుతుంది కదా అంటే, పెరుగుతుంది. కానీ ఎవరి కోసం పెరుగుతోందో కట్టేవాడు గోడ మీద చదువుకోవచ్చు. నచ్చకపోతే నాతో వాదించవచ్చు.

ఇంకో మాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది. పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. కంప్యూటర్ చెత్తలో వేయాల్సిందేనని భయపెట్టి కొత్తది అమ్మడానికి ఇది మంచి అవకాశం. ఉత్తరాలు టైపు చేసుకోవడానికి, ఇంటర్నెట్ చూడడానికి అయితే లినక్స్ ఉచితంగా దొరుకుతుంది, పాత కంప్యూటర్‌లో కూడా చక్కగా నడుస్తుంది. దాన్ని ఎక్కించినా నా గంటల ధరే తీసుకుంటాను. దొంగ విండోస్ ఎక్కించి ఒరిజినల్ ధర తీసుకోవడం కన్నా ఇది ఎంతో నయం.

ధర అడిగినప్పుడు "మీకు తోచింది ఇవ్వండి" అనడం కూడా నేను మానేశాను. అది మర్యాదలా వినిపిస్తుంది కానీ ఏం తోచాలో తెలియనివాడి మీద భారం పెట్టడం అది. తెలిసినవాడే ముందుగా లెక్క చెప్పాలి. మీ ఊళ్ళో కంప్యూటర్ బాగు చేసేవాడు అంకె చెబితే బేరం ఆడకండి, అది ఎలా వచ్చిందో అడగండి. లెక్క చెప్పగలిగితే ఇవ్వండి. చెప్పలేకపోతే మీ కంప్యూటర్ మీరు తిరిగి తెచ్చుకోండి.