వినోదం కూడా కంపెనీల పద్దులోకేనా?

చోడవరం: సంక్రాంతి వెళ్ళగానే చోడవరం చుట్టుపక్కల ఊళ్ళలో తీర్థాలు మొదలవుతాయి. ఇవాళ ఈ ఊరు, రేపు పక్క ఊరు. జీళ్ళు, ఖర్జూరం, గాజులు, బుడగలు, వాటి నడుమ జనరేటరు మోతతో తిరిగే రంగులరాట్నం. ఆ తర్వాత కొత్త అమావాస్యకు అనకాపల్లిలో నూకాలమ్మ జాతర. 2022 ఏప్రిల్‌లో చోడవరం విశాఖపట్నం జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి మారింది. జిల్లా మారినా ఇక్కడి కూలివాడి పిల్లలకు, చిన్న రైతు పిల్లలకు ఏడాదికొక్కసారి దొరికే వినోదం మాత్రం ఈ తీర్థంలో రాట్నమే.

రాట్నం యజమాని రాట్నం పక్కనే నిలబడి ఉంటాడు. ఆశీలు కట్టి, నాలుగు రోజులు ఆడించి, సామాను లారీకెత్తుకుని మరో తీర్థానికి పోతాడు. గట్టిగా బేరమాడితే ఇద్దరు పిల్లలను ఒకే టిక్కెట్టు మీద ఎక్కించుకుంటాడు. తల్లి మూటలో తెచ్చిన పులిహోర ఎవరిదని అడిగేవాడు లేడు. టిక్కెట్టు కొనలేని ముసలమ్మ మనుమడు గాలిలో కేకలు వేస్తుంటే కింద నుంచి చూసి నవ్వుకోవచ్చు. చూసినందుకు డబ్బు లేదు.

ఇప్పుడు పెద్ద పార్కుల సంగతి చూద్దాం. చోడవరం నుంచి వండర్‌లా వంటి పార్కుకు వెళ్ళాలంటే అనకాపల్లిలోనో విశాఖపట్నంలోనో రాత్రి రైలెక్కి ఇటు హైదరాబాదుకో, అటు భువనేశ్వర్‌కో ప్రయాణం కట్టాలి. కేరళకు చెందిన ఈ కంపెనీ 2000లో కొచ్చిలో వీగాలాండ్ పేరుతో మొదలై, 2005లో బెంగుళూరులో, 2016లో హైదరాబాదు శివారు రావిర్యాలలో, 2024లో భువనేశ్వర్ సమీపంలో పార్కులు తెరిచింది. 2014లో వాటాలను మార్కెట్‌లో అమ్మకానికి పెట్టింది. అప్పటి నుంచి మూడు నెలలకొకసారి వాటాదార్లకు లెక్క చెప్పుకోవలసి ఉంటుంది.

ఆ లెక్కలోనే అసలు విషయం ఉంది. ఎంతమంది వచ్చారన్నది మొదటి అంకె. వచ్చిన ఒక్కొక్కరి నుంచి సగటున ఎంత రాబడి వచ్చిందన్నది రెండవది. ఈ రెండవ అంకెకు రెండు భాగాలు: టిక్కెట్టు డబ్బు ఒకటి, లోపల తిండి, లాకరు, దుస్తుల మీద వచ్చేది మరొకటి. బయటి నుంచి తెచ్చుకున్న తిండిని గేటు దగ్గరే ఎందుకు ఆపేస్తారో దీన్నిబట్టి తెలుస్తుంది. పులిహోర డబ్బా లోపలికి వెళ్తే ఆ కుటుంబం వరకు రెండవ భాగం తగ్గుతుంది. గేటు దగ్గర సంచులు వెదికే కుర్రాడి మీద కోపగించుకుని లాభం లేదు. అతడూ ఏ పల్లె నుంచో వచ్చినవాడే.

నీటి ఆటలకు నూలు బట్టలు పనికిరావు, నైలాను వంటి బట్టే వేసుకోవాలన్న నిబంధన కూడా ఇలాంటిదే. నీటి శుభ్రత దృష్ట్యా అందులో న్యాయం లేకపోలేదు. అయితే నూలు చీరలో వెళ్ళిన చోడవరం ఇల్లాలికి రెండే దారులు: లోపలి దుకాణంలో బట్టలు కొనడం, లేదా గట్టున కూర్చుని అందరి చెప్పులకూ కాపలా కాయడం. మన ఊళ్ళ నుంచి వెళ్ళిన ఆడవాళ్ళలో ఎక్కువమంది ఏ దారి ఎంచుకుంటారో వేరే చెప్పనక్కరలేదు.

ఇక టిక్కెట్టు. పెద్దవాళ్ళకు మనిషికి వెయ్యి రూపాయలు దాటుతుంది. దానిపై జి.ఎస్.టి. అదనం. 2018 జనవరిలో ఈ పన్నును 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి నిర్ణయించిన కూలి రోజుకు 307 రూపాయలు. అంటే గేటు దాటడానికే మూడు రోజుల కూలి చాలదు. మరికొంత డబ్బు పోస్తే వరుసలో నిలబడకుండా ముందుకు పోయే టిక్కెట్టు కూడా ఉంది. ఎండలో గంటసేపు నిలబడిన పిల్లవాడి ముందు నుంచి మరొక పిల్లవాడు నేరుగా వెళ్ళి కూర్చుంటాడు. తీర్థంలో రాట్నం దగ్గర తోపులాట ఉంటుంది గాని ఈ తేడా ఉండదు.

కంపెనీల మీద రాళ్ళు వేయడం సులువు. తీర్థంలో రాట్నం గురించి కూడా నిజం చెప్పుకోవాలి. 2019 మే నెలలో అనంతపురంలో జెయింట్ వీల్ తొట్టి ఊడిపడి ఒక బాలిక ప్రాణం పోయింది. అదే ఏడాది జూలైలో అహమ్మదాబాదు కాంకరియా చెరువు దగ్గర ఆట యంత్రం విరిగి ఇద్దరు మరణించారు. బోల్టు అరిగిందో లేదో చూసే ఇంజనీరు, రోజూ పొద్దున్నే ఖాళీగా తిప్పి చూసే అలవాటు, ప్రమాదం జరిగితే ఆదుకునే బీమా, ఇవన్నీ పెట్టుబడితో వచ్చేవి. పెద్ద కంపెనీ తన పేరు కోసమైనా వీటిని పాటించక తప్పదు. నాలుగు రోజులకొక ఊరు మారే రాట్నం యజమానికి ఆ స్తోమతు లేదు. ఎవరూ అడగడం లేదు కూడా. రాట్నం బిగించేది తొందరలో, ఎక్కువ భాగం రాత్రిపూట.

కంపెనీ చేతిలో ఉన్నంత మాత్రాన పార్కు పదికాలాలు నిలుస్తుందన్న భరోసా కూడా లేదు. 1989లో ముంబయిలో తెరిచిన ఎస్సెల్ వరల్డ్ దేశంలో ఇలాంటి పార్కులకు దారి చూపింది. 2022లో దాని తలుపులు మూతపడ్డాయి. 2013లో ఖోపోలీ దగ్గర వెలసిన ఇమాజికా అప్పుల భారంతో కుంగిపోయి, 2022లో మల్పాని గ్రూపు చేతికి వెళ్ళింది. యజమాని మారినప్పుడు ధర మారుతుంది, రాయితీలు మారతాయి, పనివాళ్ళూ మారతారు. అక్కడ వేసవి సెలవులు గడిపిన కుటుంబాల మాట అడిగేవారుండరు.

ఇంతకీ మనకు దీనితో ఏం పని అనవచ్చు. పని ఉంది. ఈ పార్కులు కంపెనీ డబ్బుతోనే రావడం లేదు. భువనేశ్వర్ పార్కుకు ఒడిశా ప్రభుత్వం సుమారు 50 ఎకరాలు 90 ఏళ్ళ లీజుకు ఇచ్చింది. చెన్నై పార్కుకు తమిళనాడు ప్రభుత్వం స్థానిక సంస్థల పన్నును పదేళ్ళపాటు మినహాయించాకే పని ఊపందుకుని, 2025 డిసెంబరులో తెరుచుకుంది. మన విశాఖపట్నంలోనూ ఉడా పార్కు, కైలాసగిరి ఒకప్పుడు పట్టణాభివృద్ధి సంస్థే నడిపిన వినోద స్థలాలు. ఆ సంస్థ 2018లో వి.ఎం.ఆర్.డి.ఎ.గా మారింది. కైలాసగిరి మీద 2025 డిసెంబరులో తెరిచిన అద్దాల వంతెన ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టినదే. భూమి ప్రజలది, అనుమతి ప్రభుత్వానిది, టిక్కెట్టు ధర మాత్రం కంపెనీది అయితే ప్రజల వాటా ఏమిటని అడగవలసి వస్తుంది.

ఆ వాటాను లీజు కాగితం మీదే రాయించుకోవాలి. సంతకాలయ్యాక అడిగితే వినేవాడు ఉండడు. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు వారంలో ఒక రోజు నామమాత్రపు టిక్కెట్టు పెట్టాలి. కాలేజీ గుర్తింపు కార్డు చూపితే రాయితీ ఇస్తున్న కంపెనీలకు ఇది కొత్త విద్య కాదు. తాగునీరు ఉచితంగా ఇవ్వాలి. సినిమా హాళ్ళ విషయంలో 2023 జనవరిలో సుప్రీంకోర్టు బయటి తిండిని ఆపే హక్కు యజమానికి ఉందని చెబుతూనే, మంచినీరు అందరికీ ఉచితంగా ఉండాలని, పసిపిల్లల కోసం తెచ్చిన ఆహారాన్ని అడ్డుకోరాదని పేర్కొంది. రోజంతా ఎండలో గడిపే పార్కులో ఆ మాత్రం మన్నన మరీ అవసరం. గేటు వెలుపల నీడ, బల్లలు వేసి, తెచ్చుకున్న అన్నం తిని మళ్ళీ అదే టిక్కెట్టుపై లోపలికి రానిస్తే కంపెనీ దివాలా తీయదు.

చోడవరం ప్రైవేటు బడి పిల్లలను విహారయాత్రకు తీసుకువెళ్ళేటప్పుడు డబ్బు కట్టలేని పిల్లలు ఇంట్లో మిగిలిపోతారు. మర్నాడు బడిలో మిగతావాళ్ళు చెప్పే కబుర్లు వింటూ కూర్చుంటారు. వాళ్ళకు మిగిలేది మళ్ళీ తీర్థంలో రాట్నమే. అందుకని దాన్ని పాతకాలపు వస్తువని వదిలేయడానికి లేదు. ఆశీలు వసూలు చేసే పంచాయతీలు రాట్నం యజమాని దగ్గర బీమా కాగితం కూడా అడిగి తీసుకోవచ్చు. సంక్రాంతి తీర్థాలకు ముందే పంచాయతీలు, అగ్నిమాపక శాఖ, విద్యుత్తు సిబ్బంది, ఇంజనీర్లు కలిసి ప్రతి రాట్నాన్నీ ఒకసారి ఖాళీగా తిప్పి చూసే ఏర్పాటు చేయవలసిందిగా జిల్లా అధికారులను ఈ ప్రాంత ప్రజలు కోరవలసి ఉంది.