మూడంగుళాలు లేపితే మారేది మూడంగుళాలేనా?

ముందుగా ఒక ప్రశ్న. ఆఫీసులో మీ టీములో ఎవడో వచ్చి "ఒక్క కాన్‌స్టెంటే మార్చాను, టెస్టింగ్ అక్కర్లేదు, డైరెక్టుగా ప్రొడక్షన్‌లో పెట్టేద్దాం" అన్నాడనుకోండి. ఏం చేస్తారు? ఆ కాన్‌స్టెంటు ఎవరెవరు వాడుతున్నారో లిస్టు తెమ్మంటారు. అది తెచ్చేదాకా వాణ్ణి కదలనివ్వరు. మరి అంత నియమంగల మనమే, శనివారం పొద్దున జీపు బాడీని మూడంగుళాలు పైకి లేపించి, సాయంత్రానికి బోల్టులు బిగించేశారు కదా అని ఆదివారం పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని కొండెక్కుతాం. నా గోలంతా దీని గురించే.

ఊరికే అనడం లేదు. పోయిన వేసవిలో కొలరాడోలో మా మిత్రుడి బండిలో వెనక సీట్లో నేను కూడా ఉన్నాను. వాడిది 2003 మోడల్ జీప్ రాంగ్లర్, ఆటోమేటిక్. సస్పెన్షన్ కిట్టు ఖరీదెక్కువని బాడీ లిఫ్ట్ వేయించాడు. అంటే ఫ్రేముకీ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టి, పొడుగాటి బోల్టులు వేసి, బాడీని మాత్రం పైకి లేపడం. నేను నసిగితే వాడన్న మాట ఇదీ: "బావా, ఇది సస్పెన్షన్ జోలికే పోదు. స్టీరింగుకీ దీనికీ సంబంధమేంటి చెప్పు?"

మొదటి వారమే స్టీరింగు తేడా చేసింది. చక్రం ఒక చుట్టు తిప్పితే రెండు చోట్ల బరువుగా, రెండు చోట్ల తేలిగ్గా. పని చేసిన షాపువాళ్ళు ముందు స్టీరింగు డాంపర్ మార్చారు. తగ్గలేదు. పవర్ స్టీరింగు పంపు మార్చారు. ఊహూఁ. ఆఖరికి "బండి ఎత్తు పెరిగింది కదండీ" అంటూ డ్రాప్ పిట్‌మన్ ఆర్మ్ వేశారు. దాంతో కొత్త రోగం తోడైంది, గతుకు వచ్చినప్పుడల్లా బండి పక్కకి లాగడం. ఇన్ని బిల్లులు కట్టాక కూడా మావాడు "అలవాటైపోతుందిలే బావా" అన్నాడు. మనవాళ్ళ ఓపికకి దణ్ణం పెట్టాలి.

ఇంకో నెలకి శాన్ హువాన్ కొండల్లో మట్టిరోడ్డు మీద, నిలువు ఎక్కుడులో, లో రేంజిలో ఉన్న లివర్ టక్కున జారి న్యూట్రల్‌లో పడింది. ఇంజన్ అరుస్తోంది, బండి వెనక్కి పోతోంది. మావాడు కంగారులో గేరు 'పీ'లోకి నెట్టాడు. ఆగలేదు. ఆగదు కూడా! పార్కింగ్ కొక్కెం ఉండేది గేర్‌బాక్సులో. దాని తర్వాత ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో పడితే చక్రాలకీ ఆ కొక్కేనికీ లంకె తెగిపోయినట్టే. వాడి కాలు బ్రేకు మీదికి వెళ్ళేసరికి రెండు మూడు బండి పొడవులు వెనక్కి వచ్చేశాం. కుడి పక్కన లోయ. నా పక్కన కూర్చున్న వాడి కూతురు "నాన్నా, మనం ఎందుకు వెనక్కెళ్తున్నాం?" అనడిగింది. ఎవ్వరం జవాబు చెప్పలేదు.

తిరిగొచ్చాక ఒక ఆదివారమంతా బండి కింద పడుకుని చూశాం. తేలిందేంటంటే స్టీరింగు బరువూ, లివర్ జారడమూ రెండు రోగాలు కావు. ఒకటే.

సంగతేంటంటే, 1997 నుంచి 2006 దాకా వచ్చిన ఈ టీజే రాంగ్లర్లలో ఫ్రేము వేరు, బాడీ వేరు. ఇంజన్, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, స్టీరింగు బాక్సు, బంపర్లు, పెట్రోలు టాంకు, ఇవన్నీ ఫ్రేము పార్టీ. స్టీరింగు కాలమ్, బ్రేకు మాస్టర్ సిలిండర్, రేడియేటర్, ఫోర్‌వీల్ లివరు, పెట్రోలు పోసే మూతి, ఇవన్నీ బాడీ పార్టీ. ఒక పార్టీని లేపి రెండోదాన్ని అక్కడే వదిలేస్తే, ఈ రెండిటి మధ్యా నడిచే ప్రతి రాడ్డూ, గొట్టమూ, తీగా సాగాలి, లేదా వంగాలి. మారింది ఒక కొలత కాదు, ఓ పదీ పదిహేను ఇంటర్‌ఫేసులు. కిట్టు డబ్బాలో మాత్రం దిమ్మలూ బోల్టులూ, అదృష్టం బావుంటే ఒకటో రెండో బ్రాకెట్లూ ఉంటాయి.

ముందు స్టీరింగు సంగతి. కాలమ్‌కీ బాక్సుకీ మధ్య ఒక షాఫ్టు ఉంటుంది. రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరి, అవసరమైతే జారేలా ఉంటాయి. బాడీ లేస్తే లోపలి ముక్క ఆ మేరకి బయటికొస్తుంది. ఒక అంగుళానికి మామూలుగా సరిపోతుంది. మూడంగుళాలకి సరిపోతుందని అనుకోవడం మొండి ధైర్యం. బాడీ రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి గతుకుల్లో ఫ్రేముకీ దానికీ మధ్య కదలిక ఎలాగూ ఉంటుంది. ముక్కలు ఒకదాంట్లో ఒకటి కొంచెమే మిగిలి ఉంటే, ఏదో ఒక గతుకులో అవి విడిపోతే, చేతిలో చక్రం ఉత్తినే తిరుగుతుంది. దీన్ని "కొంచెం తేడా" అనకండి దయచేసి.

రెండోది కోణం. యూనివర్సల్ జాయింటు వంగి తిరిగితే ఒక పక్క నికరంగా తిప్పినా రెండో పక్క నికరంగా తిరగదు. చుట్టుకి రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. ఇంటర్మీడియట్‌లో చదివిన కొసైనే ఇక్కడ పనికొచ్చేది. వంపు 15 డిగ్రీలుంటే హెచ్చుతగ్గులు దాదాపు 3.5 శాతం. 30 డిగ్రీలైతే ఒక పక్క 13, ఇంకో పక్క 15 శాతం. వంపు రెట్టింపైతే తేడా నాలుగు రెట్లు దాటింది చూడండి. జాయింట్లు రెండుండి, కోణాలు సమానంగా ఉండి, వాటి కొమ్ములు సరైన వరసలో కూర్చుంటే ఒకదాని తేడాని ఇంకోటి కొట్టేస్తుంది. వరస పావు చుట్టు తప్పితే కొట్టేయడం మాట అటుంచి, రెండూ కూడుకుంటాయి. మావాడి బండిలో జరిగింది సరిగ్గా ఇదే. షాపువాళ్ళు తగిలించిన పొడుగు షాఫ్టు పళ్ళల్లో పావు చుట్టు తేడాగా దిగింది. "చుట్టుకి రెండుసార్లు బరువు" అని బండి మొదటి రోజునుంచీ నోరు తెరిచి చెబుతూనే ఉంది. ఆ ఎర్రర్ మెసేజి చదవకుండా పంపు మార్చారు!

ఇక ఆ పిట్‌మన్ ఆర్మ్. బాడీ లిఫ్ట్ వల్ల యాక్సిలుకీ ఫ్రేముకీ మధ్య దూరం మారదు. డ్రాగ్ లింకు, ట్రాక్ బార్ ఉన్నచోటే, ఉన్న వాలులోనే ఉంటాయి. ఆ రెండూ సమాంతరంగా ఉన్నంతకాలమే గతుకులో బండి నిటారుగా పోతుంది. బాగున్న చోట పొట్టి పిట్‌మన్ ఆర్మ్ తీసి కిందికి దిగేది వేస్తే డ్రాగ్ లింకు వాలు మారి, సస్పెన్షన్ కదిలినప్పుడల్లా స్టీరింగు దానంతటదే తిరుగుతుంది. అంటే లేని బగ్గుకి ఫిక్సు రాసి కొత్త బగ్గు తెచ్చారన్నమాట. దానికి బిల్లు కూడా వేశారు.

మరి ఏం చేయాలి? లేపకముందే షాఫ్టు ముక్కలు ఎంత లోపలికి ఉన్నాయో కొలిచి, కొమ్ముల వరస మీద పెయింటుతో గీత గీయండి. షాఫ్టు విప్పేముందు చక్రాన్ని కదలకుండా కట్టేయండి. విప్పాక చక్రం ఇష్టమొచ్చినట్టు తిరిగితే లోపల ఎయిర్‌బ్యాగుకి కరెంటు మోసే క్లాక్‌స్ప్రింగు తెగుతుంది. లేపాక మళ్ళీ కొలవండి. చాలకపోతే ఆ ఎత్తు కోసమే చేసిన పొడుగు షాఫ్టు కొనండి. ముక్క వెల్డింగు చేసి అతికిస్తానన్నవాడికి నమస్కారం పెట్టి వచ్చేయండి. ఆ తర్వాత కూడా బరువనిపిస్తే ముందు చక్రాలు గాల్లోకి లేపి, బాక్సు దగ్గర షాఫ్టు విడదీసి, కాలమ్‌ని కొద్దిగా అటూ ఇటూ తిప్పి చూడండి. అప్పుడూ బిగుతుగా ఉంటే రోగం పైన. లేకపోతే కింద. బైనరీ సెర్చ్, అంతే :)

లివర్ కథ కూడా ఇంతే. లివర్ బాడీకి, ట్రాన్స్‌ఫర్ కేసు ఫ్రేముకి. మధ్యలో రాడ్డు. బాడీ మూడంగుళాలు లేస్తే లివర్ చివరిదాకా లాగినా కేసులో పళ్ళు పూర్తిగా పడవు. సగం పట్టుకుంటాయి. సమతలం మీద ఏం తెలీదు. ఎక్కుడులో బరువు పడగానే జారతాయి. మందేమిటంటే లింకేజీ బ్రాకెట్టుని లేపినంత మేరా కిందికి దించడం, లేదా రాడ్డు తీసేసి కేబుల్ వేయడం. మావాడి బండిలో రెండూ చేయలేదు.

ఫాన్ చూడండి. ఫాన్ ఇంజన్‌ది, దాని చుట్టూ ఉన్న ష్రౌడు రేడియేటర్‌ది. ష్రౌడు పైకొచ్చి దాని కింది అంచు రెక్కలకి తగులుతుంది. షాపువాళ్ళ పరిష్కారం ఆ అంచు కోసి పారేయడం. చప్పుడు పోతుంది, నిజమే. కానీ ఆ ఖాళీలోంచి గాలి తప్పుకుని, నెమ్మదిగా ఎక్కే చోట ఇంజన్ వేడెక్కుతుంది. సరైన పని రేడియేటర్‌నో ష్రౌడునో అంతే కిందికి దించడం. పెట్రోలు మూతి గొట్టం, బ్రేకు గొట్టాలు, ఎర్త్ తీగలు, హాండ్‌బ్రేకు కేబులు, రేడియేటర్ గొట్టాలు, అన్నీ ఇదే లెక్క. ఏది బిర్రుగా లాగినట్టుందో అది రేపు తెగేది. బంపర్‌కీ బాడీకీ మధ్య కనిపించే సందు ఒక్కటే వీటిలో ప్రమాదం లేనిది. తమాషా ఏంటంటే అందరూ ముందుగా డబ్బు పెట్టి కప్పేది దాన్నే.

"వేలమంది చేయించుకున్నారు, వాళ్ళకేం కాలేదుగా" అంటారు. వాళ్ళలో ఒక్క అంగుళంతో ఆగినవాళ్ళెందరో, లింకేజీ దించినవాళ్ళెందరో మీకు తెలుసా? బాడీ లిఫ్ట్ చెడ్డదని నేననడం లేదు. ఒక అంగుళం బాడీ లేపి, ఇంజన్ మౌంట్లు కూడా ఒక అంగుళం లేపేవాళ్ళున్నారు. ఫాన్ కూడా ష్రౌడుతో పాటే లేస్తుంది కాబట్టి ఆ గొడవే రాదు. ఇంటర్‌ఫేసుకి రెండు పక్కలా మార్చడమంటే అదీ.

హైదరాబాదులో థార్‌కి ఇదే చేయిద్దామనుకుంటున్న మిత్రులకి ఇంకో మాట. తయారీదారు స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటోంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో అదే గట్టిగా చెప్పింది. "అందరూ చేయిస్తున్నారండీ" అనేది ఆర్టీఓ ఆఫీసులో చెల్లదు. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సువాడి దగ్గర అసలే చెల్లదు.

ఇంతకీ నా కోపం షాపువాళ్ళ మీద కంటే మన మీదే ఎక్కువ. వాళ్ళకి డిపెండెన్సీ అంటే ఏంటో ఎవరూ నేర్పలేదు. మనం రోజూ దాని మీదే బతుకుతున్నాం. జీతం తీసుకునే చోట పాటించే జాగ్రత్త, పిల్లల్ని కూర్చోబెట్టే చోట ఎందుకు పాటించం? మావాడు ఇప్పుడు మూడంగుళాల దిమ్మలు తీసేసి ఒక అంగుళానికి దిగాడు. పాత పిట్‌మన్ ఆర్మ్ వెనక్కి వచ్చింది. షాఫ్టు వరస సరిచేశాం, లివర్ బ్రాకెట్టు కూడా ఆ అంగుళం మేరా దించాం. స్టీరింగు వెన్నలా తిరుగుతోంది. వాడి కూతురు మాత్రం ఇప్పటికీ ఆ జీపు ఎక్కనంటోంది. ఆ పిల్ల టెస్టింగే కరెక్టు.