అశ్వానికి మేతే ఆయువు

సికింద్రాబాద్‌కూ గుర్రానికీ ఉన్న అనుబంధం నేటిది కాదు. మూడవ నిజాం సికందర్ జా పేరు మీదుగా 1806లో వెలసిన ఈ పట్టణం ఆంగ్లేయుల సైనిక స్థావరం. ఇచ్చటి బొల్లారంలో దక్కన్ అశ్వదళం చిరకాలం నిలిచి ఉండేది. కాలక్రమంలో అశ్వదళాలూ జట్కాబండ్లూ కనుమరుగైనవి. అయినను పెండ్లి ఊరేగింపులలో వరుడు నేటికీ గుర్రమెక్కుతూనే ఉన్నాడు. ఆ గుర్రాన్ని అలంకరించడంలో చూపే శ్రద్ధ దాని మేత విషయంలో కూడా చూపడం అవసరం.

'పశువే కదా, ఏ గడ్డి వేసినా తింటుంది' అనుకోవడం పొరపాటు. ఎద్దు కడుపులో నాలుగు అరలుంటాయి. గుర్రానికి ఉన్నది ఒకే ఒక చిన్న జీర్ణాశయం. అది తిన్న పీచు పెద్దప్రేగులలోని సూక్ష్మజీవుల వల్ల జీర్ణమవుతుంది. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. కుళ్ళిన మేత తింటే ప్రేగులలో వాయువు నిండి శూల పుడుతుంది. అది ముదిరితే ప్రాణమే పోతుంది. బూజు ధూళి శ్వాసనాళాలను వాచేటట్లు చేసి, దగ్గునూ ఆయాసాన్నీ కలిగిస్తుంది. తవుడు మీదనే ఆధారపడితే సున్నపు ధాతువు చాలక ఎముకలు బలహీనపడతాయి.

బూజు ఎంత ప్రమాదకరమో చరిత్ర చెబుతున్నది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు మరణించాయి. కారణాన్ని శోధించిన శాస్త్రజ్ఞులు వాటి దాణాలోని వేరుశనగ పిండికి పట్టిన బూజులో అఫ్లటాక్సిన్ అనే విషాన్ని కనుగొన్నారు. కాలేయాన్ని దెబ్బతీసే ఈ విషం గుర్రాలకు కూడా హానికరమే.

గుర్రాల పోషకులలో పేదలున్నారన్నది నిజం. మూడువందల కిలోల గుర్రానికి దినమునకు సుమారు ఐదారు కిలోల ఎండుమేత కావాలి. అయితే చౌక గడ్డితో మిగిలే రూపాయలు చికిత్సకు చాలవు. గుర్రం మరణిస్తే ఆ కుటుంబానికి జీవనాధారమే పోతుంది. గడ్డిని నేల మీద కాక ఎత్తయిన బల్లపై, వాన తగలని చోట నిలువ చేయడానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. ముక్క వాసన వచ్చే మేతను పారవేయాలి. మేతను మార్చదలచినప్పుడు కొద్దికొద్దిగా మార్చాలి.

జంతువులకు తగిన ఆహారం, నీరు, నీడ కల్పించకపోవడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. అయితే ఈ బాధ్యత యజమాని ఒక్కనిదే కాదు. ఊరేగింపునకు గుర్రాన్ని పిలిచే వారు బేరమాడి తగ్గించే సొమ్ము చివరకు దాని మేతలోనే తగ్గుతుంది. న్యాయమైన బాడుగ చెల్లించి, గుర్రం ఆరోగ్యాన్ని విచారించడం వారి విధి. తన బాధను నోటితో చెప్పుకోలేని జీవి పట్ల ఆపాటి కరుణ చూపడం నాగరికులకు కనీస ధర్మం.