తెర వెనుక దీపధారి

మన కళాశాలలో ఏ నలుగురు విద్యార్థులు కూడినా సినిమా ప్రస్తావన రాక మానదు. నాయకుని నడక గురించీ, పాటల బాణీల గురించీ గంటల తరబడి వాదించగల మనము, ఆ బొమ్మను వెలుగునీడలతో తీర్చిన వారెవరని అడిగితే నోరు మెదపలేము. ఛాయాగ్రాహకుని పేరు తెరపై కనిపించే వేళకు మనమింకా కుర్చీ వెదుక్కుంటూనే ఉంటాము. ఇది స్వల్ప విషయమని కొందరు అనవచ్చు. కాదని నా అభిప్రాయం. ముఖాన్ని మెచ్చి పనిని మరచే అలవాటు సినిమాహాలుతో ఆగదు. మన చదువుల ఎంపికను కూడా అదే శాసిస్తుంది.

వి.కె. మూర్తిగారి జీవితాన్ని చూడండి. 1923లో మైసూరులో జన్మించిన ఆయన స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని కారాగారవాసం అనుభవించారు. బెంగుళూరులోని శ్రీ జయచామరాజేంద్ర పాలిటెక్నిక్‌లో ఛాయాగ్రహణం అభ్యసించి బొంబాయి చేరి, ఫలీ మిస్త్రీ వంటి ఉద్దండుల వద్ద సహాయకుడుగా పనిచేశారు. 1951లో 'బాజీ' చిత్రానికి కూడా ఆయన సహాయకుడే. కష్టసాధ్యమైన ఒక దృశ్యాన్ని తానే సూచించి, తానే చిత్రించి చూపగా, దర్శకుడు గురుదత్ తన తరువాతి చిత్రమైన 'జాల్' (1952)ను ఆయన చేతిలో పెట్టారు.

ఒక ఉర్దూ కవి వేదనను చిత్రించిన 'ప్యాసా' (1957)లో సాహిర్ గీతాలను తలచుకొనే మనము, ఆ కవి ముఖంపై వాలిన నీడను తలచుకోము. 'కాగజ్ కే ఫూల్' (1959) భారతదేశపు తొలి సినిమాస్కోప్ చిత్రం. అందులో కైఫీ అజ్మీ రచించి, గీతాదత్ పాడిన పాటలో, చీకటి స్టూడియోలోకి పైనుండి ఒక కాంతిస్తంభం దిగుతుంది. స్టూడియో దీపాల వెలుగు పోను పోను విచ్చుకొంటుంది. ఆయనకు కావలసినది విచ్చుకోని వెలుగు. బయట ఒక పెద్ద అద్దంతో సూర్యకాంతిని పట్టి, లోపల ఎత్తున నిలిపిన మరొక అద్దంపైకి మళ్ళించి, అక్కడ నుండి క్రిందికి ప్రసరింపజేశారు. కావలసినవి రెండు అద్దాలు, ఒక సూర్యుడు, ఒక ఆలోచన!

ఆ చిత్రం ఆర్థికంగా విఫలమైంది. అయినా దానికీ, తరువాత 'సాహిబ్ బీబీ ఔర్ గులామ్' (1962)కూ ఆయన ఫిలింఫేర్ బహుమతులు పొందారు. 1969లో ఆరంభమైన దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం మాత్రం కేవల ఛాయాగ్రాహకుని గుర్తించడానికి 2008 సంవత్సరపు పురస్కారం దాకా ఆగవలసి వచ్చింది. ఆ గౌరవం పొందిన మూర్తిగారు 2014లో బెంగుళూరులో కన్నుమూశారు.

మన తెలుగువారి మాటేమిటి? అదే 1957లో వచ్చిన 'మాయాబజార్' వెన్నెలను మెచ్చుకోని ఇల్లు లేదు. ఆ వెన్నెలను సృష్టించిన మార్కస్ బార్ట్లే అనే ఆంగ్లో ఇండియన్ పేరు ఎందరి నోట వినిపిస్తుంది?

సినిమా యువకులను చెడగొడుతుందని మన పెద్దలు అంటారు. చూడడమే పనిగా పెట్టుకొంటే నిజమే కావచ్చు. నేర్చుకొనేవానికి మాత్రం అది భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, చిత్రకళ కలిసిన విద్య. ఎనిమిది దశాబ్దాల క్రితమే బెంగుళూరులో ఒక పాలిటెక్నిక్ దానిని పాఠ్యాంశంగా బోధించింది. దేశవిభజన వేళ కరాచీ నుండి తరలివచ్చిన కుటుంబంలోని గోవింద్ నిహలానీ అక్కడే చదివి, మూర్తిగారి వద్ద శిష్యరికం చేసి పైకి వచ్చారు. సిఫారసు లేని ఇంటి బిడ్డకు చేతిలోని విద్యే సిఫారసు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం: ఒక మంచి కెమెరా, గ్రంథాలయంలో ఛాయాగ్రహణంపై కొన్ని పుస్తకాలు, నెలకొకసారి ఒక ఉత్తమ చిత్ర ప్రదర్శన, దానిపై చర్చ ఏర్పాటు చేయండి. ఇవి భరించలేని ఖర్చులు కావు. ఇక సోదర విద్యార్థులారా, ఈసారి సినిమాకు ఐదు నిమిషాలు ముందుగా వెళ్ళండి. ఆ పేర్లన్నీ చదవండి. వాటిలో ఒకటి రేపు మీదే కావచ్చు.