పాత ఇంటికి కొత్త వంటగది: సంతకం ఎవరిది?

గోదావరి, కృష్ణా జిల్లాల పల్లెల్లో తాతల నాటి మండువా లోగిళ్లు కొన్నిటికి ఇప్పుడు మళ్లీ మంచి రోజులు వస్తున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడిన కుటుంబాలు శిథిలమవుతున్న ఇంటిని కూలగొట్టకుండా బాగుచేయించుకుంటున్నాయి. టేకు స్తంభాలకు మెరుగు పెట్టిస్తున్నారు. మండువా చుట్టూ పెంకు సరిచేయిస్తున్నారు. సంతోషమే. అయితే స్తంభాలనూ ద్వారబంధాలనూ ఉన్నవి ఉన్నట్టు కాపాడే ఈ పనిలో పూర్తిగా మారిపోయేవి రెండున్నాయి. ఒకటి వెనక ఉన్న వంటిల్లు, రెండోది దాన్ని ఆనుకున్న వసారా. వంటిల్లు 'మాడ్యులర్ కిచెన్' అవుతుంది, వసారా 'ఫ్యామిలీ రూమ్' అవుతుంది.

ఈ మార్పంతా ఆడవాళ్ల సుఖం కోసమేనని ఇంట్లో అందరూ అంటారు. ఆ మాటను మనం కొంచెం నిలదీసి చూడాలి. పాత ఇంటికి మరమ్మతు మొదలైన రోజున ఆ ఇంట్లో ఎవరి హక్కు ఎంత అన్న లెక్క కూడా మళ్లీ మొదలవుతుంది. ఆ లెక్కలో కోడలి బంగారం చేరుతుంది, ఆడపడుచు సంతకం చేరుతుంది. పట్టాలో మాత్రం ఇద్దరి పేర్లూ ఉండవు. నా వాదనంతా ఇదే.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. పాత వంటింటి మీద మనం బెంగ పెట్టుకోనవసరం లేదు. కట్టెల పొయ్యి, మసిబారిన వాసాలు, వెలుతురు రాని చిన్న కిటికీ, పెరట్లో నుయ్యి - వీటిలో అందం చూడగలిగిన వాళ్లు అక్కడ వండని వాళ్లే. వంట పొగ, ఇంటిలోపలి కాలుష్యం కారణంగా 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద గ్యాసు కనెక్షన్లు ఇచ్చినప్పుడు పల్లెటూరి స్త్రీలు ఎందుకు సంతోషించారో వాళ్ల కళ్లనూ ఊపిరితిత్తులనూ అడిగితే తెలుస్తుంది.

ఆ వంటిల్లు పొగతో పాటు కులాన్ని కూడా మోసింది. మడి కట్టుకున్నవాళ్లే లోపలికి వెళ్లాలి. వడ్లు దంచి, అంట్లు తోమి, పేడ ఎత్తిన శ్రామిక స్త్రీ దొడ్డి గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. నెలసరి రోజుల్లో ఆ ఇంటి కూతురికి కూడా గడప దాటే వీలు లేదు. అరుగు మీద, ముందు వసారాలో మగవాళ్ల మాటలు నడిచేవి. ఆ మాటలు ఎంతసేపు నడిచినా కాఫీలూ భోజనాలూ వెనక నుంచే రావాలి. ఇంటి నక్షా అంటే ఆ ఇంటి అధికార పటం అని సామాజిక శాస్త్రం చెప్పేది ఇందుకే.

ఆ పటంలో చరిత్ర కూడా ఉంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ఇంట్లో మొదటి వితంతు వివాహం జరిగింది. వెలికి భయపడి వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ ఆ ఇంటికి రాకపోతే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నుంచి నీళ్లు మోసి వంట చేసింది. సంస్కరణ ఉద్యమం అనగానే మనకు సభలు, పత్రికలు, ఉపన్యాసాలు గుర్తొస్తాయి. ఆ రోజు పెళ్లి ఆగకుండా నిలబెట్టినది ఆ వంటిల్లు కూడా. ఇటు తెలంగాణలో గడీల వంటశాలలు వెట్టి చాకిరీతో నడిచాయి. చారిత్రక గృహాలను కాపాడతామనే వాళ్లు సింహద్వారం దగ్గర చూపే శ్రద్ధలో సగమైనా ఈ వెనక గదుల మీద చూపాలి. రోలు, తిరగలి, పొయ్యి గూడు, దొడ్డి గుమ్మం - ఇవి ఎవరు ఎక్కడ ఏ పని చేశారో చెప్పే సాక్ష్యాలు. పగలగొట్టే ముందు కనీసం ఒక ఫొటో తీసి, ఇంట్లో పెద్దావిడ చెప్పే నాలుగు మాటలు రాసి పెట్టుకుంటే ఖర్చేమీ కాదు.

ఇక కొత్త వంటగదికి వద్దాం. నక్షా గీసేటప్పుడు ఇంజనీరు, మేస్త్రీ ఎవరితో మాట్లాడుతున్నారు? డబ్బిచ్చే మగవాళ్లతో. వండే మనిషిని అడిగేది చివర్లో, టైల్సు రంగు గురించి. గ్యాసు గట్టు ఎత్తు ఎంత ఉండాలో ఆమె మోచేతిని బట్టి నిర్ణయించాలి. గట్టు మోచేతికి కొంచెం కిందుగా ఉంటే భుజమూ నడుమూ నొప్పి పుట్టవు. మేస్త్రీ తనకు అలవాటైన కొలతే వేస్తాడు, ఆమె ఆ కొలతకు ఇరవై ఏళ్లు వంగుతుంది. ఇక పాత గోడలు గానుగ సున్నంతో కట్టినవి. వాటికి సిమెంటు పూత పూసి పైన టైల్సు అంటిస్తే లోపలి తేమ బయటికి పోయే దారి లేక ఉప్పు పొంగి, పూత పెచ్చులుగా ఊడుతుంది. ఆ తడి గోడ పక్కన నిలబడేది, రాలిన పెచ్చులు ఊడ్చేది ఎవరో వేరే చెప్పాలా?

వంటగదికీ ఫ్యామిలీ రూమ్‌కూ మధ్య గోడ తీసేస్తే స్త్రీకి ఒంటరితనం పోతుందని ఇంకొక వాదన. అందులో కొంత నిజం ఉంది. నలుగురూ కూర్చున్న చోటే తానూ ఉండడం చిన్న విషయం కాదు. కానీ గోడ పోయినంత మాత్రాన పని పంచుకోవడం రాదు. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనికి ఆ పని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, ఆ పని చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. గోడ లేని వంటగదిలో టీవీ చూస్తున్న మగవాళ్ల ఎదుటే ఆ 289 నిమిషాలూ గడుస్తాయి, అంతే తేడా. పైగా తాలింపు ఘాటు హాల్లోకి వస్తుందని చాలా ఇళ్లలో వెనక ఇంకొక వంటగది కట్టిస్తున్నారు. ముందుది చూపడానికి, వెనకది వండడానికి. ఆ వెనక గదిలో మళ్లీ పనిమనిషి, మళ్లీ అదే దొడ్డి గుమ్మం. ఆమె కూర్చోవడానికి ఒక పీట, వాడుకోవడానికి మరుగుదొడ్డి నక్షాలో ఉన్నాయా అని ఎవరూ అడగరు.

అన్నిటికంటే ముఖ్యమైనది డబ్బు సంగతి. ఉమ్మడి ఇంటి మరమ్మతుకు అంచనా దాటిపోయినప్పుడు మొదట గుర్తొచ్చేది కోడలి నగలు. 'నీ వంటగదికేగా' అంటారు. స్త్రీధనం మీద భార్యకే పూర్తి హక్కు ఉందని, భర్త దాన్ని కాపాడే ధర్మకర్త మాత్రమేనని సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభారాణి కేసులో చెప్పింది. నగగా ఉన్నంతవరకూ అది ఆమెదే. అమ్మి గ్రానైటుగా, చెక్క అరలుగా మార్చిన తరువాత అది మామగారి ఇంట్లో గోడ అయిపోతుంది. రేపు కాపురం చెడితే ఆ గోడలో తన వాటా ఎంతో ఆమె ఎలా రుజువు చేస్తుంది? 2005 గృహహింస చట్టం ఆమెకు ఆ ఇంట్లో నివసించే హక్కు ఇచ్చింది. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా ఆ హక్కు వర్తించవచ్చని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇది మనం పోరాడి తెచ్చుకున్న విలువైన రక్షణ. అయితే ఉండే హక్కు వేరు, సొంత హక్కు వేరు.

ఇంగ్లండులో 1970 నాటి చట్టం ప్రకారం దంపతుల్లో ఒకరు డబ్బుతో గానీ, డబ్బు విలువ చేసే శ్రమతో గానీ రెండోవారి ఇంటిని గణనీయంగా మెరుగుపరిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ ఇంట్లో వాటా పొందినట్టే లెక్క. మన దేశంలో అలాంటి చట్టం లేదు. 2023లో మద్రాసు హైకోర్టు ఒక కేసులో, భార్య ఇంటిపని చేయడం వల్లనే భర్త సంపాదించగలిగాడని, ఆస్తిలో ఆమెకు సమాన వాటా ఉందని అన్నది. ఈ దారిలో చట్టం రావాలని మహిళా సంఘాలు గట్టిగా అడగాల్సిన సమయం ఇది.

రెండో స్త్రీ ఆ ఇంటి ఆడపడుచు. 1956 హిందూ వారసత్వ చట్టంలోని 23వ సెక్షను, కుటుంబం నివసించే ఇంటిని మగ వారసులు పంచుకోదలచేదాకా ఆడ వారసులు పంపకం అడగరాదని శాసించింది. పెళ్లయి కాపురం చేసుకుంటున్న కూతురికి అక్కడ నివసించే హక్కు కూడా ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది, కానీ అప్పటికే పెళ్లయినవాళ్లను మినహాయించారు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ ఆ మినహాయింపు లేకుండా కూతుళ్లందరికీ హక్కు ఇచ్చింది, 23వ సెక్షనునూ తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనవసరం లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతి ప్రకారం పూర్తయిన పంపకాలను మాత్రం తిరగతోడరు.

చట్టం ఇచ్చింది కదా, మరి కూతుళ్ల చేతికి ఎందుకు అందడం లేదు? ఒక కారణం ఈ మరమ్మతు సమయంలోనే దొరుకుతుంది. బ్యాంకు అప్పు కావాలంటే ఆస్తి హక్కు తేలాలి. అప్పుడు అన్నదమ్ములు పసుపు కుంకుమలతో వస్తారు. 'అమ్మా, ఇల్లు పడిపోతోంది, నిలబెట్టాలి కదా, ఒక సంతకం పెట్టు' అంటారు. ఆ కాగితం చాలాసార్లు హక్కు విడుదల దస్తావేజు. పుట్టిల్లు నిలబడుతుందన్న ఆనందంలో, పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంలో ఆమె సంతకం చేస్తుంది. మరమ్మతుకు అంగీకరించడం వేరు, వాటా వదులుకోవడం వేరు అని ఆమెకు చెప్పేవాళ్లు ఆ గదిలో ఎవరూ ఉండరు.

ఆ చెప్పేవాళ్లం మనం కావాలి. మన సలహా కేంద్రాలకు స్త్రీలు వచ్చేది ఇంట్లోంచి వెళ్లగొట్టిన తరువాత. ఇంటికి సున్నం వేస్తున్నప్పుడే వచ్చేలా చేయగలిగితే సగం కేసులు మరో రకంగా నడుస్తాయి. సంఘ సమావేశాల్లో మాట్లాడవలసినవి పెద్ద విషయాలేమీ కావు. దస్తావేజు పూర్తిగా చదివించుకోకుండా సంతకం పెట్టవద్దు. అన్నదమ్ములకు అభ్యంతరం లేదనే పత్రం ఒకటి చాలేమో ముందు అడగాలి. నగలు అమ్మితే రసీదు దాచుకోవాలి, డబ్బు చేతికివ్వకుండా బ్యాంకు ద్వారా ఇవ్వాలి, ఎందుకిచ్చారో కాగితం మీద ఉండాలి. పంపకం జరిగి భర్త వాటా తేలినప్పుడు తన పేరు కూడా రిజిస్టరు చేయించమని అడగడంలో సిగ్గుపడాల్సింది లేదు. ఇవి హిందూ వారసత్వ చట్టం వర్తించే వారి మాటలు. ముస్లిం, క్రైస్తవ స్త్రీల వాటాలు వేరే నియమాల కిందికి వస్తాయి గనుక వారికి విడిగా సలహా ఏర్పాటు చేయాలి.

పాత ఇళ్లు నిలబడాలి. పొగ లేని, నడుము విరగని వంటగది ప్రతి స్త్రీకీ రావాలి. దాన్ని కానుకగా పుచ్చుకుని వాటా మరిచిపొమ్మంటే ఒప్పుకోనక్కర్లేదు. ఈసారి మీ ఊళ్లో ఏ లోగిలికైనా మేస్త్రీలు దిగినట్టు తెలిస్తే, ఆ ఇంటి కోడలిని, ఆడపడుచుని, పనిచేసే అమ్మను పలకరించి రండి. నక్షా ఎవరు గీశారో, కాగితాల మీద ఎవరి పేరుందో అడగండి.