ఎర్రమట్టి దిబ్బలు – భూమాత పట్ల మన ఋణం

ప్రాతఃకాలంలో శయ్యను విడిచి నేలపై పాదం మోపక ముందే భూమాతను క్షమాపణ వేడుకోవడం మన ఆచారం. అథర్వవేదంలోని భూమిసూక్తం 63 మంత్రాలలో భూమిని తల్లిగా స్తుతించింది. త్రవ్వవలసి వచ్చినపుడు సైతం ఆమె మర్మస్థానాలకు గాయం కారాదనీ, త్రవ్విన చోట శీఘ్రంగా మరల మొలకెత్తాలనీ ఋషి అందులో ప్రార్థించాడు. భూమిని వినియోగించుకోవడాన్ని వేదం నిషేధించలేదు. ఆ వినియోగానికి ఒక హద్దును విధించింది. త్రవ్వితే తిరిగి పూడనిదే మర్మస్థానం.

విశాఖపట్నానికీ భీమునిపట్నానికీ నడుమ సముద్రతీరాన ఉన్న ఎర్రమట్టి దిబ్బలు అట్టి మర్మస్థానం. వేల సంవత్సరాల క్రితం, హిమయుగంలో సముద్రం వెనుకకు తగ్గినపుడు బయల్పడిన ఇసుకను వాయువు తెచ్చి ఇచట పేర్చింది. రేణువులను ఆవరించిన ఇనుప ఆక్సైడు వాటికి అరుణవర్ణాన్ని ఇచ్చింది. వర్షధారలు వాటిని కోసి లోయలుగా మలచాయి. దక్షిణాసియాలో ఇట్టి నిక్షేపాలు తమిళనాడు, శ్రీలంక తీరాలలో తప్ప అరుదు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2014లో దీనిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో తిరుమల కొండలతో పాటు ఈ దిబ్బలు కూడ యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. శేషాచలానికి నమస్కరించే మనకు ఆ సాహచర్యం ఆలోచింపదగినది.

అయినను 2024 జూలైలో భీమిలి వైపున ఇళ్ళ స్థలాల కోసం దిబ్బలను యంత్రాలతో చదును చేశారు. ప్రజల ఆందోళన పిమ్మట పనులు ఆగాయి. గృహం అవసరం కాదా అని కొందరు ప్రశ్నిస్తారు. తప్పక అవసరమే. గృహస్థాశ్రమం తక్కిన మూడు ఆశ్రమాలకూ ఆధారమని ధర్మశాస్త్రాలు చెప్పాయి. కష్టార్జితంతో స్థలం కొనుకున్నవారి ఆశను తృణీకరించడం ధర్మం కాదు. వారికి ప్రత్యామ్నాయ స్థలం చూపవలసిన బాధ్యత పాలకులది. ఇల్లు మరొకచోట కట్టుకోవచ్చు. దిబ్బను మరొకచోట నిర్మించగలవారు లేరు.

రక్షిత ప్రాంతానికి కంచె ఉంటే చాలదా అన్నది రెండవ ప్రశ్న. కంచెకు వెలుపల ఉన్నది కూడ అదే ఇసుక. ఎగువన పొదలను పెరికి నేలను చదును చేస్తే వాననీటి దారి మారుతుంది. మారిన ప్రవాహం కంచె లోపలి మెత్తని ఇసుకనే కోస్తుంది. ఇసుకలోనికి ఇంకి భూగర్భజలంగా మారవలసిన నీరు సిమెంటు మీదుగా వృథాగా పారిపోతుంది. అవయవాన్ని ఛేదించి దేహాన్ని రక్షించామనుకోవడం వంటిదే ఈ హద్దుగీత.

ఇల్లు కట్టేముందు భూమిపూజ చేస్తాం. అది భూదేవి అనుమతిని కోరే కర్మ. కోరిన అనుమతి ప్రతిసారీ లభించి తీరుతుందని భావిస్తే అది పూజ కాదు, లాంఛనం. కొన్ని చోట్ల ఆ తల్లి సమాధానం నిరాకరణమేనని గ్రహించడం వివేకం. దానిని అంగీకరించడం వైరాగ్యం.

కావున సాధకులారా, తీరంలో స్థలం కొనదలచినపుడు ధర, దిక్కులతో పాటు అది దిబ్బల నేలయా అని కూడ విచారించండి. రక్షణ పరిధిని దిబ్బలన్నిటికీ విస్తరించమని మీ ప్రతినిధులను అడగండి. పాదస్పర్శకే క్షమాపణ కోరే మనం యంత్రస్పర్శకు మౌనం వహించడం తగదు.