ఎర్త్ పిన్ను జోలికి పోకండి, తార్లు సర్దండి

నల్లగండ్ల ఫ్లాట్లలో కొత్త షౌక్ ఒకటి నడుస్తోంది. గచ్చిబౌలిలో నౌకరీ చేసే మన పిల్లలు ఇంట్లో ఒక గదిని స్టూడియో చేసుకుంటున్నారు. ఒకరు నాత్ రికార్డు చేస్తారు, ఒకరు గజల్ పాడతారు, ఇంకొకరు ఉర్దూ కహానీలు చదివి పెడతారు. మాషా అల్లా, మంచి షౌకే. నా షికాయత్ అంతా ఆ గదిలో ర్యాకు వెనకాల ఉన్నదాని గురించి.

ముందు నుంచి చూస్తే షాన్‌దార్. 19 అంగుళాల ర్యాకు, ప్రీయాంపు, కంప్రెసరు, మెరిసే లైట్లు. వెనక్కి వెళ్లి చూడండి, షీర్‌ఖుర్మాలో సేమియా! కరెంటు తార్లు, మైకు తార్లు, కంప్యూటరు తార్లు కలిసి ఒకే ముద్ద. ఏది ఎక్కడికి పోతుందో పెట్టినవాడికే తెలీదు. ఆపైన రికార్డింగులో హుమ్ అని ఒకటే మోత.

ఆ మోతకు బజార్లో ఒక సస్తా ఇలాజ్ ఉంది. ప్లగ్గులో లావుపాటి ఎర్త్ పిన్నును తీసెయ్యడం. మా రిష్తేదారుల ఇంట్లో సామాను బిగించడానికి వచ్చిన ఒక ఫిట్టరు ఇదే చెప్పాడు: "పిన్ను తీసేయండి భాయ్, మోత ఖతం." చాలాసార్లు మోత నిజంగానే పోతుంది. అందుకే ఆ సలహా అంత ఖతర్నాక్.

ఆ పిన్ను మిగతా రెండిటికంటే పొడుగ్గా ఎందుకుంటుంది? ప్లగ్గు పెట్టేటప్పుడు అందరికంటే ముందు తగలడానికి, తీసేటప్పుడు అందరికంటే చివర వదలడానికి. లోపల ఒక తారు ఊడి ఇనుప డబ్బాకు తగిలిందనుకోండి. ఎర్త్ ఉంటే 230 వోల్టుల కరెంటు అటు పోయి ఎంసీబీ పడిపోతుంది. పిన్ను లేకపోతే ఆ కరెంటుకు మిగిలిన దారులు రెండే: మైకు తారులోని సన్నటి జాలీ, లేదా మనిషి ఒళ్లు. మైకు ఎవరి పెదాల దగ్గరుంటుంది? మీ అమ్మాయి పెదాల దగ్గర.

ఊరికే డరాయించడం లేదు. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ గిటారిస్టు లెస్ హార్వే స్టేజీ మీద ఎర్త్ లేని మైకు ముట్టుకుని చనిపోయాడు. 1976 మేలో యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ కూడా ఎర్త్ సరిగా లేని గిటారు వాయిస్తూ సొంత ఇంట్లోనే పోయాడు.

అసలు మోత ఎక్కడిది? రెండు పెట్టెలు రెండు గోడల సాకెట్లలో ఉంటాయి. రెండింటికీ ఎర్త్ ఉంది, మధ్యలో ఆడియో తారు జాలీ కూడా కలుపుతుంది. దాంతో ఒక చుట్టు తయారై, అందులో మన 50 హెర్ట్జ్ కరెంటు తిరుగుతుంది. ఇలాజ్ ఆ చుట్టుకు చెయ్యాలి, పిన్నుకు కాదు.

ర్యాకు మొత్తానికి ఒకే మంచి పవర్ స్ట్రిప్పు, ఒకే సాకెట్టు వాడండి. కరెంటు తార్లు ర్యాకుకు ఒక పక్కన, ఆడియో తార్లు ఇంకో పక్కన దించండి. దాటక తప్పనిచోట అడ్డంగా దాటించండి, జంటగా నడిపించకండి. వీలైనచోటల్లా బ్యాలెన్స్‌డ్ తార్లు వేయండి. అప్పటికీ మోత మిగిలితే ఆడియో లైనులో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టండి. ప్రతి తారుకూ రెండు కొసలా పేరు రాసి అతికించండి. ప్లాస్టిక్ టై బిగించకుండా వెల్‌క్రో పట్టీ చుట్టండి. ర్యాకు ముందుకు లాగడానికి కొంచెం ఢీలా వదలండి. మాటిమాటికీ కనెక్షన్లు మార్చేవాళ్లు ప్యాచ్ బే పెట్టుకోండి. పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ బోర్డుల నుంచి వచ్చిన తరీఖా అది. కానీ 48 వోల్టులు పోయే మైకు లైన్లను మాత్రం దాని మీదికి తేకండి.

"ఇంటి స్టూడియోకు ఇంత తకల్లుఫ్ ఎందుకు సాబ్?" అంటారు. ఇల్లు కాబట్టే! పెద్ద స్టూడియోలో ర్యాకు వెనక్కి పాకే పసిపిల్లలు ఉండరు.

"ఖర్చు" అనే బహానా నా దగ్గర చెల్లదు. మైకుకు వేలకు వేలు పోస్తారు, తార్ల దగ్గరికొచ్చేసరికి కంజూసీ. ఎలక్ట్రీషియన్ను పిలిచి సాకెట్టు వెనక ఎర్త్ నిజంగా ఉందో లేదో చూపించుకోవడానికి ఎంతవుతుంది? మూడు రంధ్రాలు ఉన్నంత మాత్రాన మూడో తారు ఉన్నట్టు కాదు. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉందో లేదో కూడా అప్పుడే అడగండి.

అసలు బీమారీ ఇంకొకటి ఉంది. వైరింగ్ పని మనకు చిన్నచూపు. షాదీఖానాలో సౌండ్ సెట్టు పెట్టే చాచాను చూడండి, తారు మెలిక పడకుండా ఎంత సలీఖాగా చుడతాడో. అది ఆయన రోజీ, అందుకే ఆ ఇజ్జత్. ప్యాకేజీలు తీసుకునే మనం ఆయన దగ్గర కూర్చుని నేర్చుకోవడానికి నామోషీ పడతాం.

ఈ ఆదివారం రికార్డింగు ఆపండి. మెయిన్ ఆఫ్ చేసి, ర్యాకు ముందుకు లాగి, ఒక్కో ప్లగ్గూ చూడండి. కార్ఖానా నుంచే రెండు పిన్నులతో వచ్చిన డబుల్ ఇన్సులేషన్ సామాను సంగతి వేరు. చేత్తో పీకేసిన పిన్ను కనబడితే మాత్రం ఆ తారును ఆ రోజే పారెయ్యండి. ఆ సలహా ఇచ్చినవాణ్ణి మళ్లీ గడప ఎక్కనివ్వకండి.